పంక్తుల పక్కన భాగహారం గుర్తు

"ఉత్తరం రాసిండు. సంతకం పెట్టిండు. యాడికి పోతున్నడో గూడ చెప్పిండు. ఇంక నువ్వు పట్నం నుంచి వచ్చి దేవులాడేది ఏంది?"

అమీన్ ఖుతుబుద్దీన్ ఈ మాట అనేసరికి బుధవారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలయింది. సిద్దిపేట ఠాణాకు ఆయనే పెద్ద. విద్యోదయ ప్రైవేటు హైస్కూల్లో లెక్కల పంతులు కాశీనాథం సోమవారం సాయంత్రం నుంచి కనిపించడం లేదు. ఆయన టైపు చేసి పెట్టిపోయిన ఉత్తరం మంగళవారం పొద్దున దొరికింది. అమీన్ దృష్టిలో ఆ ఉత్తరంతో కథ ముగిసింది.

వెంకటనర్సయ్య బడి ఆఫీసు గదిలో బల్ల మీది టైపు మిషన్ ముందు కూర్చుని, ఒక తెల్ల కాగితం ఎక్కించి, ఉత్తరంలోని మొదటి రెండు పంక్తులు మళ్ళీ కొట్టాడు. హైదరాబాదులో పన్నెండేళ్ళు టైపు మిషన్లు బాగు చేసినవాడు. ఏ కాగితం ఏ మిషన్ మీద పుట్టిందో చెప్పమని కోర్టులు పిలవడంతో మొదలై, చివరికి అదే వృత్తి అయింది. కాశీనాథం భార్య పద్మమ్మ మంగళవారం తంతి ఇస్తే, ఈ రోజు పొద్దుటి బస్సులో దిగాడు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి భూతద్దంలోంచి చూశాడు.

"ఉత్తరం ఈ మిషన్ మీదనే కొట్టిన్రు అమీన్ సాబ్. 'టి' అక్షరం కుడికి ఒరిగింది. కొట్టింది గూడ కాశీనాథంగారే."

"గట్లయితే నేను చెప్పిందే నువ్వూ చెప్తున్నవు."

"ఆయన రెండు వేళ్ళతోని కొడ్తడు. కుడి వేలు బరువు. చుక్క పెట్టిన ప్రతిచోటా కాగితానికి రంధ్రం పడ్డది. ఫైల్ల ఆయన పాత ఉత్తరాలు పదకొండు చూసిన. అన్నిట్ల గదే దెబ్బ." వెంకటనర్సయ్య భూతద్దం కింద పెట్టాడు. "కానీ ఆ పదకొండిట్ల లేనిది దీంట్ల ఒకటున్నది."

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. ఎనిమిది వాక్యాలు, ఒక్కో వాక్యం ఒక్కో పంక్తి. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

÷ నా ఇష్టప్రకారమే కొలువు విడిచిపెడుతున్నాను.
÷ గుమాస్తా దేవదాసు టపా తీసుకుని వెళ్ళిపోయాక ఈ ఉత్తరం టైపు చేస్తున్నాను.
÷ గదిలో నేను తప్ప ఎవరూ లేరు.
హెడ్‌మాస్టరు గారికి ఈ సంగతి ఏమీ తెలియదు.
నా భార్య పద్మమ్మతో నాకు ఏ తగాదా లేదు.
÷ పరీక్ష కవర్లు సరిచూశాను, అన్నీ భద్రంగా ఉన్నాయి.
÷ సన్యాసం తీసుకోవడానికి కొమురవెల్లి పోతున్నాను.
గురువారంతో కాశీనాథం అనే మనిషి ఉండడు.

"గీ భాగారం గుర్తులేనా?" అన్నాడు అమీన్. "లెక్కల పంతులు. చెయ్యి అలవాటు."

"మిషన్ల ఈ గుర్తుకు మీట లేదు."

"మీట లేకుంటే ఎట్ల పడ్డది?"

వెంకటనర్సయ్య కాగితం కొంచెం పైకి తిప్పాడు. ఎడమ చేత్తో షిఫ్టు నొక్కిపట్టి, ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలుండే కోలన్ కొట్టాడు. షిఫ్టు వదిలి, వెనక్కి జరిపే మీట నొక్కాడు. బండి ఒక గడి వెనక్కి వచ్చింది. అప్పుడు సరిగ్గా ఆ చుక్కల నడుమ అడ్డగీత కొట్టాడు. కాగితం మీద భాగహారం గుర్తు నిలిచింది.

"చెయ్యి జారితే ఒక మీట తప్పు పడ్తది. దీనికి నాలుగు పనులు చెయ్యాలె. ఐదు గుర్తులకు ఇరవై. ఇరవైసార్లు చెయ్యి జారుతదా సాబ్?"

ఖుతుబుద్దీన్ మొహం గంటు పెట్టుకున్నాడు. "కొమురవెల్లిల ఇప్పుడు జాతర. ఉగాది దాక జనం ఆగరు. నా మనుషులు నలుగురు గా గుంపుల్ల ఒక్కొక్క మొహం చూస్తున్నరు. నువ్వేమో గీడ కూసోని చుక్కలు లెక్కపెట్టు."

"గుమాస్తాను పిలిపిస్తే రెండు మాటలు అడుగుత."

దేవదాసు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు కలాలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సోమవారం బడి ఎన్నింటికి విడిచిన్రు?" అని అడిగాడు వెంకటనర్సయ్య.

"నాలుగ్గంటలకు."

"మీరు పోయింది?"

"నాలుగు ఇరవైకి. టపా కట్ట తీస్కొని డాకుఖానాకు పోయిన. నేను పోయేటప్పటికి లెక్కల సార్ ఈ గదిల ఒక్కడే ఉన్నడు."

"డాకుఖానా ఎంత దూరం?"

"ఆరేడు నిమిషాలు."

"టపా సంచి నాలుగున్నరకు కట్టేస్తరు. నాలుగు ఇరవైకి బయలెల్లిన కట్ట గా సంచిల పడాలె. పొద్దున నేను పోస్టుమాస్టర్‌ను అడిగిన. విద్యోదయ కట్ట సోమవారం సంచిల పోలేదు. ఐదు గంటల ఐదు నిమిషాలకు ముట్టిందని రాసి పెట్టుకున్నడు."

దేవదాసు కళ్ళు ఒక్క క్షణం అమీన్ వైపు తిరిగి మళ్ళీ వచ్చాయి.

"దారిల హోటల్ కాడ ఆగిన. చాయ్ తాగిన."

"ముప్పై ఎనిమిది నిమిషాలు?"

"తెలిసినోళ్ళు కలిసిన్రు. మాటల పడ్డ."

"ఎవరు?"

"యాదికి లేదు."

"ఉత్తరంల ఈ గుర్తులేంది?"

ఈ ప్రశ్నకు దేవదాసు తడుముకోలేదు. "ముఖ్యమైన పంక్తి అనే గుర్తు. లెక్కల సార్ ఉత్తరాల్ల అట్లనే పెడ్తడు."

"ఏ ఉత్తరంల పెట్టిండో ఒకటి చూపిస్తరా?"

దేవదాసు ఫైలు అందుకోబోయి ఆగాడు. ఫైలు వెంకటనర్సయ్య మోచేతి కింద ఉంది. "నోటితోని చెప్పిండు. రాసి చూపియ్యలేదు," అన్నాడు. తహసీలు కచేరీలో అర్జెంటు పని ఉందని అమీన్‌ను సెలవు అడిగాడు. ఖుతుబుద్దీన్ తలూపాడు. గుమాస్తా అడుగుల చప్పుడు వరండా చివరిదాకా మామూలుగానే వినిపించింది. మెట్ల దగ్గర్నుంచి మాత్రం తొందరపడింది.

"చాయ్ తాగిండని ఉరి తీస్తవా?" అన్నాడు అమీన్.

"నాలుగు ఇరవైకి పోలేదన్నది తేలింది. ఎందుకు అబద్ధం ఆడిండో తేలలేదు."

వెంకటనర్సయ్య సంచిలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీశాడు. పొద్దున పద్మమ్మ చేతికిచ్చిన పుస్తకం. రెండేళ్ళుగా తన భర్త బడి నుంచి రాగానే దీని ముందు కూర్చునేవాడని ఆమె చెప్పింది. లెక్కల్లో వాడే గుర్తులు ఎక్కడ పుట్టాయో, ఎవరు వాడారో, పిల్లలకు తెలుగులో చెప్పాలని ఆయన కోరిక. బళ్ళో చదువంతా ఉర్దూలోనే సాగుతుంది కాబట్టి ఇంట్లోనైనా ఒక పుస్తకం ఉండాలనేవాడట. కూడిక గుర్తు, సమానం గుర్తు, గుణకారం గుర్తు, ఒక్కోదానికి నాలుగైదు పేజీలు. సమానం దాకా వెంకటనర్సయ్య ఆమె దగ్గర్నుంచి వస్తూ చాయ్ హోటల్లోనే చదివాడు. ఇప్పుడు ముందుకు తిప్పి భాగహారం దగ్గర ఆగాడు. రెండు పేజీలు చదివాక వెనక్కి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"అమీన్ సాబ్, ఇది వినున్రి."

ఖుతుబుద్దీన్ గడియారం చూసుకున్నాడు. మూడున్నర. "చదువు," అన్నాడు.

కాశీనాథం గుండ్రటి చేవ్రాతలో ఇలా ఉంది:

'ఈ గుర్తును పిల్లలు భాగహారమని ఎరుగుదురు. అది దీనికి దొరికిన చివరి ఉద్యోగం. సుమారు మూడు వందల ఏళ్ళ కిందట స్విట్జర్లాండు దేశస్థుడొకడు తన బీజగణితంలో అచ్చు వేయించాక ఆ పని దొరికింది. ఐరోపాలో కొన్నిచోట్ల దీన్ని తీసివేతకు కూడా వాడారు. అంతకన్నా పాత కథ వేరే ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట అలెగ్జాండ్రియా నగరపు గ్రంథాలయంలో పండితులు పాత కావ్యాల ప్రతులు సరిచూసేవారు. ఒక పంక్తి కవి రాసింది కాదు, ఎవరో చొప్పించారు అని అనుమానం తగిలితే దాన్ని కొట్టివేసేవారు కాదు. అంచులో, ఆ పంక్తి పక్కన, ఒక అడ్డగీత గీసేవారు. తరవాతి వాళ్ళు ఆ గీతకు పైనా కిందా చుక్కలు చేర్చారు. గ్రీకు భాషలో ఆ గుర్తు పేరుకు మాంసం కాల్చే సీకు అని అర్థం. కల్ల పంక్తిని సీకుకు గుచ్చి పక్కన పెట్టినట్టు అనుకోవచ్చును. మన దగ్గరి టైపు మిషన్లలో ఈ గుర్తు లేదు. రెండు చుక్కలు కొట్టి, వెనక్కి వచ్చి, నడుమ గీత కొట్టి తయారు చేసుకోవాలి. కనుక దీన్ని కొట్టేవాడు ఎందుకు కొడుతున్నాడో తెలిసే కొడతాడు.'

చదవడం అయిపోయాక వెంకటనర్సయ్య పుస్తకాన్ని మూయకుండా ఉత్తరం పక్కన పెట్టాడు.

"సీకు," అన్నాడు ఖుతుబుద్దీన్ మెల్లగా. ఉత్తరం తన వైపు తిప్పుకున్నాడు. "పక్కన మనిషి నిలబడి రాయిస్తుంటే, అబద్ధం వచ్చిన కాడల్లా సీకు గుచ్చిండంటవు."

"అడిగితే ముఖ్యమైన పంక్తి గుర్తు అని చెప్పి ఉంటడు. గా మాటనే దేవదాసు మనకు అప్పజెప్పిండు."

"మాట బాగుంది. రుజువు లేదు. నిజమైన వాటికే గుర్తు పెట్టిండేమో, నీకెట్ల తెలుసు?"

మంచి ప్రశ్న. వెంకటనర్సయ్యకు ఈ మనిషి మీద మొదటిసారి గౌరవం కలిగింది. "గుర్తు లేని పంక్తి ఒకటి చూడున్రి. భార్యతోని తగాదా లేదన్నడు. అది నిజమా, అబద్ధమా?"

ఖుతుబుద్దీన్ ఆ పంక్తి మీద వేలు పెట్టాడు. "నిజమే. నిన్న పక్కిండ్లల్ల నేనే అడిగిన. పదిహేనేండ్లల్ల వాళ్ళింట్ల గొంతు లేసింది ఎవలూ వినలేదు."

"ఇక గుర్తున్నది ఒకటి పరీక్షిద్దాం. పరీక్ష కవర్లు భద్రంగున్నయన్నడు. పక్కన సీకు ఉంది."

హెడ్‌మాస్టరు రామేశ్వర్ తాళాల గుత్తితో వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, రెండు రోజుల్లో ఇంకో ఐదేళ్ళు పైబడినట్టున్నాడు. అతని గదిలోని ఇనుప అలమరకు రెండు తాళంచెవులు. ఒకటి పగలంతా ఆఫీసు గదిలో వేలాడే తన గుత్తిలో, ఒకటి పరీక్షల బాధ్యత చూసే కాశీనాథం దగ్గర. రేపు గురువారం పది గంటలకు మెట్రిక్ లెక్కల పరీక్ష. ఇరవై నలుగురు పిల్లలు రాస్తున్నారు.

"కవరు చూపిస్త గనీ తెరవద్దు," అన్నాడు రామేశ్వర్. "పిల్లల ముందర తప్ప సీలు విప్పొద్దని హుకుం. నా కొలువు పోతది."

మందపాటి ఖాకీ రంగు కవరు. పైమడత మీద మూడు లక్క ముద్రలు. ఖుతుబుద్దీన్ ఒక్కొక్కదాన్ని గోటితో తట్టి చూశాడు. పగుళ్ళు లేవు. ముద్రలోని అక్షరాలు చెక్కుచెదరలేదు.

"చూసినవా?" అన్నాడు వెంకటనర్సయ్యతో. "మూడు సీళ్ళు సాబూత్. నీ సీకు కథ గీడనే ఖతం."

వెంకటనర్సయ్య కవరును తిరగేశాడు. పైమడత సంగతి అతను చూడలేదు. కింది మడత దగ్గర పట్టుకుని వెలుతురుకు అడ్డంగా వంచాడు. పాత మడత గీత ఒకచోట ఉంది, ఇప్పటి మడత దానికి వెంట్రుకవాసి పక్కన పడింది. అక్కడ వాసన చూసి కవరును అమీన్ ముక్కు దగ్గర పెట్టాడు.

"పైన అంటించింది కచేరీ బంక. వాసన రాదు. కింద ఏముంది?"

ఖుతుబుద్దీన్ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "పులిసిన గంజి."

"పైన సీళ్ళున్నయని అందరి కండ్లు పైననే ఉంటయి. కింద ఆవిరి పట్టి విప్పిన్రు, గంజి పూసి అతికిచ్చిన్రు."

రామేశ్వర్ కుర్చీలో కూర్చుండిపోయాడు. కవరు తెరవాలంటే ఎవరో ఒకరు మాట పడాలి. వెంకటనర్సయ్యకు ఆ అధికారం లేదు. హెడ్‌మాస్టరుకు హుకుం అడ్డు. ఖుతుబుద్దీన్ బల్ల మీది కాగితం తీసుకుని ఉర్దూలో నాలుగు ముక్కలు రాశాడు. తన హుకుం మీద, తన జిమ్మేదారీ మీద కవరు తెరిచినట్టు. తారీఖు వేసి సంతకం పెట్టి రామేశ్వర్‌కు ఇచ్చాడు. తరవాత జేబులోంచి చాకు తీసి కింది మడత కోశాడు.

కవరు మీద ఇరవై ఐదు ప్రతులని రాసి ఉంది. ముగ్గురూ వేరువేరుగా లెక్కపెట్టారు. ఇరవై నాలుగే ఉన్నాయి.

"పిల్లలు ఇరవై నలుగురే గదా," అన్నాడు రామేశ్వర్ నీరసంగా. "రేపు పంచితే అందరికీ సరిపోయేటివి. ఒకటి ఎక్కువ పంపలేదేమో అనుకునేటోన్ని. ఎవరికీ తెల్వకపోయేది."

నాలుగు గంటల ఇరవై నిమిషాలు. ఖుతుబుద్దీన్ ఉత్తరాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి నిలబడే చదివాడు. ఈసారి పెదవులు కదుపుతూ చదివాడు.

"ఇష్టంతోని పోలేదు. దేవదాసు పోయినంక రాయలేదు, అంటే దేవదాసు ఈడనే ఉన్నడు. మూడో పంక్తికి వేరే సీకు గుచ్చిండంటే గదిల ఇంకెవలో గూడ ఉన్నరు. కొమురవెల్లి పోలేదు." కిటికీలోంచి బయటికి చూశాడు. "నా నలుగురు మనుషులను గా జాతరల తిప్పుతున్న."

"వాళ్ళకు కావలసింది గదే."

"హెడ్‌మాస్టర్‌కు తెల్వదు, గది నిజం." రామేశ్వర్ తల ఎత్తి చూశాడు. అమీన్ అతని వైపు చూడలేదు. ఆయన వేలు చివరి పంక్తి మీద ఉంది. "గురువారంతో కాశీనాథం అనే మనిషి ఉండడు. నేను సన్యాసం మాట అనుకున్న. పేరు మార్చుకుంటడు, పాత మనిషి ఉండడు అని."

"రాయించినోళ్ళు మనం గట్లనే అనుకోవాలని రాయించిన్రు."

"దీని పక్కన సీకు లేదు."

"లేదు," అన్నాడు వెంకటనర్సయ్య. "ఆయనకు గది నిజమని తెలుసు."

రామేశ్వర్ అడిగాడు. "సోమవారమే చంపకుండ గురువారం దాక ఎందుకు ఆగుతరు?"

వెంకటనర్సయ్య ఈ ప్రశ్న తనను తాను అరగంట కిందటే వేసుకున్నాడు. "దొంగతనం చేసింది లెక్కల కాగితం సార్. చరిత్ర అయితే పుస్తకం తీసి చూసుకుంటరు. లెక్కలకు జవాబులు ఎవరన్నా చెయ్యాలె. గుమాస్తాకు రావు. కవరు విప్పుతుంటే కాశీనాథంగారు చూసిండు, గది వాళ్ళకు ఆపద. గానీ ఊళ్ళె మెట్రిక్ లెక్కలు తప్పు లేకుండ చెయ్యగలిగినోడు గూడ ఆయనే. రేపు పది గంటల దాక ఆయన వాళ్ళకు కావాలె. పది దాటితే అక్కర లేదు."

 పద్దెనిమిది గంటలు కూడా లేవని ముగ్గురూ మనసులో లెక్క కట్టుకున్నారు.

ఖుతుబుద్దీన్ పనిలోకి దిగాడు. హెడ్‌మాస్టరును డాకుఖానాకు పోయి ప్రశ్నపత్రం దొంగిలించారని హైదరాబాదుకు తంతి ఇచ్చి రమ్మన్నాడు. ఠాణాలో మిగిలిన ఒకే ఒక జవాను హరికిషన్‌ను పిలిపించి, దేవదాసు కచేరీలో ఉన్నా కిరాయి గదిలో ఉన్నా పట్టుకుని తెమ్మన్నాడు. "గుంజుకరా. ఎందుకని అడిగితే చెప్పకు," అన్నాడు. హరికిషన్ సలాం చేసి సైకిలెక్కాడు. అప్పుడు సమయం ఐదుకు పది నిమిషాలు.

ఎదురుచూస్తూ ఇద్దరూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చున్నారు. అమీన్ సిగరెట్టు ఇవ్వబోతే వెంకటనర్సయ్య వద్దన్నాడు.

"ఆయన గనక సోమవారం నాడు భయపడి ఉత్త ఉత్తరం కొట్టి ఉంటే," అన్నాడు అమీన్, "నేను శుక్రవారం దాక జాతరలనే తిరిగేటోన్ని. మెడ మీద మనిషి నిలబడ్డప్పుడు చెయ్యి వణకకుండ ఇరవైసార్లు..." సిగరెట్టు తానే వెలిగించుకున్నాడు.

"నేనే తప్పు చదివేటోన్ని. ఆయన పుస్తకం లేకుంటే నాకు గూడ గిది తెల్వది."

హెడ్‌మాస్టరు తంతి ఇచ్చి తిరిగొచ్చాడు. హరికిషన్ రాలేదు. ఐదుంపావుకు వరండాలో ఆడమనిషి గొంతు వినిపించింది. పద్మమ్మ. ఎండలో నడిచి వచ్చినట్టు మొహం కందిపోయి ఉంది. వెంకటనర్సయ్యను చూసి తల వంచిందిగాని నేరుగా అమీన్ దగ్గరికి పోయి నిలబడింది.

"ఆయన దొరికిండని మీకు తెలిసింది గదా సాబ్. నాకెందుకు చెప్పలేదు?"

"దొరకలేదమ్మా. ఎవలు చెప్పిన్రు?"

"మీరే చెప్పి పంపిన్రు గదా. పన్నెండింటికి మీ జవాను ఇంటికొచ్చిండు. సార్ మంచిగున్నడు, లాగు పుస్తకం కావాల్నంట, ఇయ్యమన్నడు. అలమరల నుంచి తీసిచ్చిన. సాయంత్రం లోపట తోలుకొస్తం, ఎవలికీ చెప్పకన్నడు. పొద్దు వాలింది, ఇంకా రాలేదు. అందుకే వచ్చిన."

ఖుతుబుద్దీన్ లేచాడు. లేవడంలో కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తాలన్న ధ్యాస ఎవరికీ కలగలేదు.

"ఏ జవాను?"

"పేరు తెల్వదు సాబ్. పొడుగ్గ ఉంటడు. ఎడమ చెవి కాడ మచ్చ."

హెడ్‌మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. హరికిషన్ సైకిలెక్కి పోతుంటే ఆ మచ్చ అతనూ చూశాడు.

"లాగు పుస్తకమంటే లాగరిథమ్ పట్టికలు," అన్నాడు వెంకటనర్సయ్య. "పెద్ద లెక్కలకు కావాలె. అంటే మధ్యాహ్నం దాక ఆయన బతికి ఉన్నడు, లెక్కలు చేస్తున్నడు. జవాను నోటి మాట చెప్పిండా తల్లీ, చీటీ ఏమన్న తెచ్చిండా?"

పద్మమ్మ కొంగు ముడి విప్పింది. అరచేయంత కాగితం. పెన్సిలుతో, నోటుబుక్కులో ఉన్న అదే గుండ్రటి చేవ్రాత: 'పద్మా, నల్ల అట్ట లాగరిథమ్ పుస్తకం ఈయనకు ఇయ్యి.' అంతే. వెంకటనర్సయ్య చీటీని తిప్పాడు. వెనక ఎర్ర సిరా అచ్చు. ఎదురెదురుగా రెండు నెమళ్ళు, కింద జోడునెమళ్ళ బీడీ అని పేరు.

"బీడీ కట్ట కాగితం," అన్నాడు ఖుతుబుద్దీన్. "ప్రతి దుకాణంల దొరుకుతది."

"దుకాణంల దొరికేది కట్టకు చుట్టింది. గుండ్రంగ ముడత పడి ఉంటది, బంక మరక ఉంటది. దీనికి మడతనే లేదు. అంచు గూడ కత్తిరించలేదు. అచ్చైనంక ఒక్క కట్టకు గూడ చుట్టకుండ పెట్టిన కాగితం. గిసొంటివి యాడ ఉంటయి?"

అమీన్ జవాబు వెతుక్కోవలసిన పని లేకపోయింది. "కార్ఖానల. కొండపాక కాడ. రెండేండ్ల కింద మూసిన్రు." గోడకు ఆనుకున్నాడు. "చౌకీదారు హరికిషన్ బావ. బావకు జరమొచ్చిందని సోమవారం సాయంత్రం నా దగ్గర సెలవు తీస్కున్నడు. నేనే ఇచ్చిన."

గదిలో రెండో మనిషి ఎవరో ఇక ఎవరూ అడగలేదు. హరికిషన్ పోయి ముప్పై నిమిషాలయింది. దేవదాసును పట్టుకు రమ్మని పోలేదు. దేవదాసును వెంటబెట్టుకుని పోయాడు. బల్ల మీది కోసిన కవరు చూసే పోయాడు కనుక, కవరు తెరిచిన సంగతి వాళ్ళకు ఇప్పుడు తెలుసు. తంతి పోతే ఆ ప్రశ్నపత్రం ఎందుకూ పనికిరాదని కూడా తెలుసు. రేపు పది గంటల దాకా ఆగవలసిన కారణం ఒక్కటీ మిగలలేదు.

పద్మమ్మ ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూసింది. "ఏమైంది?" అని అడిగింది. వెంకటనర్సయ్య ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఏడవలేదు. గోడ పట్టుకుని నిలబడి, "కొండపాక ఎంత దూరం?" అంది.

"పన్నెండు మైళ్ళు."

"మరి ఇంకా గీడ ఎందుకున్నరు?"

ఖుతుబుద్దీన్ నడుము పట్టీ బిగించుకున్నాడు. హెడ్‌మాస్టరును ఆయన సైకిలు వెంకటనర్సయ్యకు ఇమ్మన్నాడు. "ఠాణాల మనిషి లేడు. ఉన్నా ఎవర్ని నమ్మాల్నో నాకు తెల్వది. మీరు వస్తరా?" అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన నోట 'మీరు' అన్న మాట రావడం అదే మొదలు.

వెంకటనర్సయ్య భూతద్దం, ఉత్తరం సంచిలో పెట్టి హెడ్‌మాస్టరుకు అప్పగించాడు. మెట్లు దిగుతూ అడిగాడు. "హరికిషన్ కాడ ఆయుధం ఏమన్న ఉందా?"

అమీన్ సైకిలు స్టాండు తీశాడు. 

"ఠాణా తుపాకి. ఆరు తూటాలు," అన్నాడు. "ఠాణాల ఒక్కడే ఉంటున్నడు గదా అని పొద్దుగాల్ల నేనే ఇచ్చిన. రిజిస్టర్ల నా సంతకమే ఉంది."